బయటి గోడకు రెడీమిక్స్ ప్లాస్టర్ బస్తా: చాలా ఏళ్లకు మళ్లీ తాపీ పట్టే మేస్త్రీల కోసం

తీర్పు ముందే చెప్పేస్తాను. ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకులతో) కట్టిన ఇంటి బయటి గోడకు 40 కిలోల రెడీమిక్స్ ప్లాస్టర్ బస్తా కొనొచ్చు, పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తుంది. మంచి ఇసుక దొరికే ఊళ్లో ఎర్ర ఇటుక గోడకైతే అంత ఖర్చు అక్కర్లేదు, అక్కడే కలుపుకున్న సిమెంటు, ఇసుక మాలు చాలు.

ఇరవై ముప్పై ఏళ్ల కింద తాపీ పక్కన పెట్టి గల్ఫ్‌కో, వ్యవసాయానికో, వ్యాపారానికో పోయినవాళ్లు మళ్లీ పనిలోకి వస్తే ఈ బస్తా విషయంలో రెండు రకాలుగా పొరబడుతుంటారు. ఇదీ సిమెంటూ ఇసుకే కదా అని పాత లెక్కన కలిపేసేవాళ్లు కొందరు. కంపెనీ సరుకు కాబట్టి గోడ ఎలా ఉన్నా పట్టేస్తుందని నమ్మేవాళ్లు ఇంకొందరు. నిజానికి ఈ బస్తా మేస్త్రీ నెత్తి మీది నుంచి దించేది ఇసుక బెడద ఒక్కటే. గోడ తయారీ, నీళ్ల కొలత, ఎండ నుంచి కాపాడటం ఇంకా మేస్త్రీ చేతిలోనే ఉన్నాయి.

అల్ట్రాటెక్ వాళ్ల రెడీప్లాస్ట్ మొదలుకొని చాలా కంపెనీల బస్తాలు బజార్లో ఉన్నాయి. ఇక్కడ ఏ ఒక్క కంపెనీనీ విడిగా తూచడం లేదు. ఈ రకం సరుకు మొత్తానికీ వర్తించే మాటలే రాస్తున్నాను.

ఒక జాగ్రత్త మొదటే. షాపులో 'రెడీ ప్లాస్టర్' అని అడిగితే ఒక్కోసారి జిప్సం బస్తా చేతిలో పెడతారు. తెల్లగా ఉంటుంది, అది లోపలి గోడలకు మాత్రమే. బయట వేస్తే వానకు మెత్తబడి ఊడిపోతుంది. బయటికి కావాల్సింది బూడిద రంగులో ఉండే సిమెంటు ప్లాస్టర్. బస్తా మీద బయటి గోడలకు పనికొస్తుందని రాసి ఉందో లేదో చదివి చూసుకోవాలి.

ఆ బూడిద రంగు పొడిలో సిమెంటు, ఎండబెట్టి జల్లించి సైజు కట్టిన ఇసుక ఉంటాయి. కొన్నింట్లో ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) లేదా సున్నపురాయి పొడి కూడా కలుపుతారు. వీటన్నిటి మీద బస్తాకు కొద్ది గ్రాముల రసాయన మందులు. అసలు పని చేసేది ఆ మందులే. వాటిలో ముఖ్యమైనది హెచ్‌పీఎంసీ అనే సెల్యులోజ్ పొడి, నీటిని మాలు లోపలే పట్టి ఉంచుతుంది. పాత రోజుల్లో డంగు సున్నం చేసిన మేలు ఇదే. సున్నం కలిసిన మాలు తాపీ కింద వెన్నలా సాగేది, గోడ ఎంత లాగినా నీటిని తొందరగా వదిలేది కాదు. సున్నం పోయి వట్టి సిమెంటు మాలు వచ్చాక ఆ గుణం పోయింది, ఈ మందుతో మళ్లీ వచ్చింది. ఖరీదైన రకాల్లో పట్టు కోసం పాలిమర్ పొడి కూడా వేస్తారు. అది ఉన్న బస్తాకూ లేనిదానికీ ధరలో చాలా తేడా ఉంటుంది కాబట్టి గోడను చూసుకుని ఎంచుకోవాలి.

మీరు పని మానేసిన రోజులకూ ఇప్పటికీ మారినవి మూడు: ఇసుక, సిమెంటు, గోడ. ఇసుక సంగతి కాస్త నిలబడి చెప్పాలి. అప్పట్లో గోదావరి, కృష్ణ, మంజీర, పెన్న ఇసుక వచ్చేది, జల్లెడ పడితే పని అయిపోయేది. ఇప్పుడు చాలా సైట్లలో రోబో సాండ్, అంటే రాయిని మెషీన్‌తో నలగ్గొట్టి చేసిన ఇసుక. అందులోనూ మూడు రకాలు కలిసిపోయి అమ్ముడుపోతున్నాయి: కాంక్రీటు రోబో, ప్లాస్టరింగ్ రోబో, వట్టి క్వారీ డస్ట్ (క్రషర్ దగ్గర మిగిలే రాతి పొడి). క్వారీ డస్ట్ పలుకులు పెచ్చుల్లా, సూదుల్లా ఉంటాయి. లెవెల్ చేసే బద్ద లాగితే గీతలు పడతాయి, మాలు సాగదు, సాగడానికి కూలీ ఇంకో చెంబు నీళ్లు పోస్తాడు, ఆ నీళ్లు ఎండేటప్పుడు గోడంతా వల అల్లినట్టు పగుళ్లు తేలతాయి. గుప్పెడు తడి రోబో తీసుకుని గట్టిగా పిసికి వదిలేయండి. అరచేతికి బూడిద రంగు పిండి పూతలా అంటుకుని దులిపినా పోకపోతే అందులో దుమ్ము ఎక్కువ. కడిగిన ప్లాస్టరింగ్ రోబో అయితే చెయ్యి దాదాపు శుభ్రంగా ఉంటుంది.

ఏటి ఇసుక దొరికితే సీసా పరీక్ష చాలు. తెల్ల సీసాలో సగం దాకా ఇసుక, దాని మీద నీళ్లు, ఒక చెంచా ఉప్పు వేసి బాగా గిలకొట్టి రెండు మూడు గంటలు కదపకుండా ఉంచాలి. ఇసుక మీద పేరుకున్న మట్టి పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ లోడు కడగాలి, లేదా తిప్పి పంపాలి. రెడీమిక్స్ బస్తాతో ఈ తతంగం మొత్తం తప్పుతుంది. దానికి మార్కులు వేయాల్సింది ముందుగా ఇక్కడే. లోడు లోడుకూ మారని ఇసుక ఇప్పటి రోజుల్లో చిన్న విషయం కాదు.

సిమెంటు సంగతికి వస్తే, షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఫ్లైయాష్ కలిసిన పీపీసీ. ప్లాస్టరింగ్‌కు మంచిదే, వేడి తక్కువ, నునుపు ఎక్కువ. బలం మాత్రం నిదానంగా వస్తుంది కాబట్టి నీళ్లు కొట్టడం మానేస్తే పాత ఓపీసీ (ఏమీ కలపని మామూలు సిమెంటు) కంటే ఎక్కువ నష్టపోతుంది.

గోడ మారడం అన్నిటికన్నా పెద్ద మార్పు. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ గరుకుగా ఉండి మాలును కరుచుకునేది. ఫ్లైయాష్ ఇటుక ముఖం నున్నగా ఉంటుంది. ఏఏసీ బ్లాకు ఆరు వందల మిల్లీమీటర్ల పొడవు, లోపలంతా సన్న గాలి బుడగలు, పైన పొడి. ఎర్ర ఇటుకకు చేసినట్టు దాన్ని పైపుతో తడిపి ముద్ద చేస్తే నీరు లోపలికి దిగి వారాల తరబడి ఉండిపోతుంది. తర్వాత బ్లాకు ఆరుతూ కుంచించుకుంటుంది, దాని మీది పూత పగులుతుంది. అలాగని పొడిగా వదిలేస్తే మాలులోని నీటిని లాగేస్తుంది, సిమెంటు గట్టిపడకుండానే పిండిలా ఎండిపోతుంది. సరైన పద్ధతి: ముందు గట్టి చీపురుతోనో బ్రష్‌తోనో పొడి దులపాలి, తర్వాత స్ప్రేతో పైపైన ఒక్కసారి తడపాలి, ముఖం మీద తడి మెరుపు పోయాక మాలు ఎక్కించాలి. ఇలాంటి గోడ మీదే ఆ సెల్యులోజ్ మందు విలువ తెలుస్తుంది. మామూలు మాలు బద్ద లాగేలోపే బిగుసుకుపోయే చోట బస్తా మాలు తీరిగ్గా లెవెల్ చేసుకోనిస్తుంది.

ఏఏసీ మీద బలమైన మాలు వేయకూడదు. గోడ కంటే పూత గట్టిదైతే పూత కుంచించుకునేటప్పుడు బ్లాకు చర్మాన్ని కూడా పెకిలించుకుని వస్తుంది. ఊడిపడిన పెచ్చు వెనక తెల్లటి బ్లాకు పొర అంటుకుని ఉంటే కారణం ఇదే. 'బయటి గోడ కదా, సిమెంటు దిట్టంగా వేయి' అనే పాత మాట ఇక్కడ ఎదురు తిరుగుతుంది. బస్తా మాలులో అదనంగా సిమెంటు కలపడం అసలే వద్దు. వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కూడా కంపెనీ చెబితే తప్ప పోయకూడదు, లోపల ఉన్న మందుల లెక్క తప్పుతుంది.

ఇక బస్తా కలిపే తీరు. పార, తట్టతో నేల మీద కలిపితే మందులు సమంగా కరగవు. డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, తర్వాత పొడి వేస్తూ, డ్రిల్లు మెషీన్‌కు తెడ్డు కడ్డీ బిగించి మూడు నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. ఐదు నిమిషాలు వదిలేసి మళ్లీ ఒక నిమిషం తిప్పితే గడ్డలు పోయి మాలు జిగురెక్కుతుంది. ఆ ఐదు నిమిషాలు ఆగకుండా మాలు గట్టిగా ఉందని నీళ్లు పోసేస్తారు, అదే తప్పు. మందు కరిగాక మళ్లీ తిప్పితే మాలు సాగుతుంది. 40 కిలోలకు సాధారణంగా 6 నుంచి 7 లీటర్లు పడుతుంది. బస్తా మీద అచ్చు వేసిన అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించాలి, కొలిచి పోయడానికి గీతలున్న బకెట్టు పెట్టుకోవాలి. మెషీన్ దొరికింది కదా అని పది నిమిషాలు తిప్పొద్దు, గాలి ఎక్కువ చేరి మాలు బలం తగ్గుతుంది. పొడి పోసేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి, సన్న ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి.

కలిపిన మాలు రెండు గంటలు ఉంటుందని కొన్ని బస్తాల మీద రాస్తారు. మన ఎండల్లో ఆ మాటను నమ్ముకోకుండా గంటలోపు వాడేసేంతే కలపడం మేలు. బిగుసుకోవడం మొదలైన మాలులో నీళ్లు చల్లి మళ్లీ తిప్పితే చూడటానికి బాగానే ఉంటుంది, బలం మాత్రం పోయినట్టే.

గోడకు ఎక్కించేటప్పుడు మీ పాత చేతివాటమే గొప్ప ఆస్తి. తూగుండు వేసి, ఆరడుగులకు ఒకటి చొప్పున లెవెల్ బిళ్లలు పెట్టి, తాపీతో విసిరి కొట్టడం ఇప్పటికీ అన్నిటికన్నా మంచి పద్ధతి. విసిరితే లోపలి గాలి పోతుంది. కొత్తవాళ్లు గుర్మాలతో (నునుపు చేసే పలకతో) రాసి పెడుతుంటారు, అక్కడే డొల్లలు మిగులుతాయి. ఒక పూత 12 నుంచి 15 మి.మీ. దాటకూడదు. దాటితే బరువుకు జారి, పైన సన్నగా కింద లావుగా బొజ్జ కడుతుంది. స్లాబు అంచు, కాలమ్ బయటికి వచ్చి గోడ అంగుళంన్నర లోపల ఉంటే ఆ గుంతను ఖరీదైన బస్తాతో నింపొద్దు. మామూలు 1:5 మాలుతో (సిమెంటు ఒక వంతు, ఇసుక ఐదు వంతులు) ముందుగా పూడ్చి, గీతలు పెట్టి, తడిపి ఉంచి, పై పూతకు మాత్రం బస్తా వాడితే చాలు.

కాంక్రీటు బీమూ గోడా కలిసే గీత మీద మెష్ (తీగ జాలి) తప్పదు. రెండు వైపులా ఆరేసి అంగుళాలు, అంటే మొత్తం అడుగు వెడల్పున. చికెన్ మెష్ గోడకు అతుక్కుపోయేలా మేకులు కొట్టేస్తే ఉపయోగం లేదు. మెష్ వెనక కూడా మాలు ఉండాలి. ముందు సన్నగా ఒక పొర మాలు వేసి, తడి మీదే మెష్ నొక్కి, దాని మీద మిగతా మందం ఎక్కించడం మంచి పద్ధతి. నున్నటి కాంక్రీటు ముఖానికి గాట్లు పెట్టాలి. అది కుదరకపోతే సిమెంటు ఒక వంతు, ముతక ఇసుక వంతున్నర నుంచి రెండు వంతులు పల్చగా కలిపి చిమ్మి, గరుకు పొరలా ఆరనిచ్చి రెండు రోజులు తడిపి, ఆ తర్వాత ప్లాస్టర్ చేయాలి. ఎస్‌బీఆర్ లేటెక్స్ (పట్టు కోసం వాడే రబ్బరు పాల లాంటి ద్రవం) కలిపిన సిమెంటు పాలు పూసే పద్ధతైతే ఆ పూత జిగటగా ఉండగానే మాలు పడాలి. ఎండిపోతే అది పట్టుకునే పొర కాదు, జారిపోయే పొర.

రెండు పూతలు వేసేటప్పుడు మొదటి దాని మీద అడ్డంగా అలల గీతలు పెట్టి, ఒకటి రెండు రోజుల్లో, అది పూర్తిగా ఎండిపోకముందే రెండోది వేయాలి. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ కాగితాల మీద నడుస్తోంది: కింద 12 మి.మీ. 1:5, పైన 6 మి.మీ. 1:3, స్పంజి ఫినిషింగ్. ఎర్ర ఇటుక మీద అది దశాబ్దాలుగా నిలబడింది. బ్లాకు గోడ మీద మాత్రం పై పూత 1:3 అంత దిట్టంగా వేయమని నేను చెప్పను. కిందిదాని కంటే పైది ఎప్పుడూ గట్టిది కాకూడదనే సూత్రమే అక్కడ నమ్మదగింది.

స్పంజి పట్టే వేళ తెలుసుకోవడానికి బొటనవేలితో నొక్కాలి. గుర్తు పడాలి, వేలికి మాలు అంటకూడదు. తడి తొందరగా లాగాలని పొడి సిమెంటు చల్లే అలవాటు ఉంటే అది ఇక మానేయాలి. పైన వట్టి సిమెంటు పొర ఏర్పడి వెంట్రుక పగుళ్లన్నీ అక్కడే పుడతాయి. ఉక్కు గుర్మాలతో ఎక్కువసేపు రుద్దినా సన్న పొడి పైకి తేలి అదే జరుగుతుంది.

రోజు పని ఆపే చోటు చాలామంది పట్టించుకోరు. మూల దగ్గర సరిగ్గా ఆపడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ తప్పు. మూలకు కనీసం 150 మి.మీ. దూరంలో, గోడ మధ్యలో, అంచు నిటారుగా కోసి ఆపాలి. పిట్టగోడ పైభాగం మీద అతుకు అసలే ఉండకూడదు, వాన నీరు అక్కడి నుంచే దిగుతుంది. సజ్జ అడుగున అంచుకు అంగుళం లోపల అర అంగుళం గాడి పెట్టాలి. అది లేని ఇళ్లలో సజ్జ కింద గోడ మీద నల్ల చారలు పడేది ఈ కారణానికే.

ఎండను బట్టి గోడను ఎంచుకోవాలి. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ, అంటే ఎప్పుడూ నీడలోనే పని. ఏప్రిల్, మే నెలల్లో పరంజాకు గ్రీన్ నెట్ కట్టడం ఖర్చు కాదు, పూతకు బీమా. మర్నాడు పొద్దుటి నుంచి సన్న తుంపరగా నీళ్లు కొట్టాలి, పైపు ధార సూటిగా కొడితే ముఖం కోసుకుపోతుంది. కనీసం ఏడు రోజులు. ఇలా తడిపి ఉంచడం, అంటే క్యూరింగ్, అక్కర్లేదని కొన్ని బస్తాల మీద కనిపిస్తుంది. లోపలి గోడలకు, చలికాలంలో అది కొంతవరకు సరే. వడగాలి కొట్టే బయటి గోడకు ఆ మాట పనికిరాదు. రెడీమిక్స్ వాడిన గోడ చేత్తో రాస్తే పొడి రాలుతోందంటే మొదటి అనుమానం క్యూరింగ్ మీదే పెట్టాలి, రెండోది పాతబడిన బస్తా మీద.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. ఎర్ర ఇటుక గోడ, 100 చదరపు అడుగులు, 20 మి.మీ. మందం. అతుకుల గుంతలు, కింద రాలేది కలుపుకుని 1:5 మాలుకు సుమారు బస్తాన్నర సిమెంటు, ఎనిమిదిన్నర ఘనపు అడుగుల ఇసుక. దానికి వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపితే, డాక్టర్ ఫిక్సిట్ ఎల్‌డబ్ల్యూ ప్లస్ లాంటిది 50 కిలోల సిమెంటుకు 200 మి.లీ. పగుళ్లు తగ్గడానికి రెక్రాన్ లాంటి పీచు కలిపితే బస్తా సిమెంటుకు 125 గ్రాములు. అదే పని రెడీమిక్స్‌తో చేస్తే దాదాపు పది 40 కిలోల బస్తాలు. ఏఏసీ గోడ సమంగా ఉంటుంది కాబట్టి 15 మి.మీ. సరిపోతే ఏడు బస్తాలు. మీ ఊరి ధరలతో గుణించి చూడండి. ఇటుక గోడకు సరుకు ఖర్చు వరకే చూస్తే రెడీమిక్స్ చాలా చోట్ల రెట్టింపు దగ్గరికి పోతుంది. అందుకే అక్కడ వద్దన్నాను. బ్లాకు గోడకు మందం తగ్గుతుంది, జల్లెడ కూలీ మిగులుతుంది, పగుళ్లు పూడ్చే పుట్టీ ఖర్చు తగ్గుతుంది. లారీ దూరని సందుల్లో, రోడ్డు మీద ఇసుక పోస్తే మున్సిపాలిటీ జరిమానా వేసే చోట, మూడో అంతస్తుకు సరుకు ఎక్కించాల్సిన చోట బస్తా ఇంకా కలిసొస్తుంది. అడుగు లెక్కన కూలీ మాట్లాడుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: బస్తా మాలు మెల్లగా బిగుస్తుంది కాబట్టి మొదటి రోజుల్లో స్పంజి పని సాయంత్రం దాకా సాగుతుంది, ఆ సమయం రేటులో కలుపుకోవాలి.

ఈ సరుకుకు ఉన్న అసలు లోపం నిల్వ. మందులున్న పొడి తేమను తొందరగా పీలుస్తుంది. తయారీ తేదీ చూడకుండా కొనొద్దు. గడువు ఆరు నెలలని రాసి ఉన్నా వానాకాలంలో మూడు నెలలు దాటిన బస్తాను నేనైతే తీసుకోను. చేత్తో నొక్కి, అంచుల్లో గడ్డలు తగిలితే, పిసికినా చిదమకపోతే వెనక్కి ఇచ్చేయాలి. సైట్లో నేలకు ఆనకుండా చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చి పైన టార్పాలిన్ కప్పాలి. ఒక గోడ ముఖానికి కావాల్సిన బస్తాలన్నీ ఒకే బ్యాచ్ నంబరువి అడిగి తీసుకోవాలి. ఇసుక రంగులో బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా ఉంటుంది, రంగు వేయకుండా వదిలే గోడకు అది అతుకులా కనిపిస్తుంది. రంగు వేసే గోడకు ప్లాస్టర్ అయిన 28 రోజుల దాకా ప్రైమర్ పట్టించొద్దు. ప్రైమర్‌కు ముందు, ఆ 28వ రోజే సన్న ఇనుప కడ్డీతో గోడంతా మెల్లగా తట్టి చూడాలి. డొల్లగా మోగిన చోట చాక్‌పీసుతో గీసి, చతురస్రంగా కోసి తీసి, మళ్లీ పూత వేయాలి. పైపైన పుట్టీతో కప్పితే రెండో వానకు ఆ ముక్క రంగుతో సహా ఊడి వస్తుంది.